అద్దె ఫ్లాట్, పాకే పాప, గోడకి మేకు కొట్టొద్దనే ఓనర్: ముందు ఏం చేయాలి?

ప్రశ్న: మూడో అంతస్తు (ఇది అడిగినవారు ఫోరంలో పెట్టుకున్న పేరు, జవాబిచ్చేవారి పేర్లూ అలాంటివే)

బెంగళూరు మారతహళ్ళిలో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు. పాపకి తొమ్మిది నెలలు. పాకుతోంది, ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడుతోంది. బాబుకి నాలుగేళ్లు, ప్లాస్టిక్ కుర్చీ కావలసిన చోటికి ఈడ్చుకెళ్లి ఎక్కే వయసు. గోడలకి డ్రిల్లింగ్ చేయకూడదని అగ్రిమెంట్‌లో రాసుంది.

హాలు బాల్కనీకి నిలువు కమ్ములు, మధ్య సందు ఐదంగుళాలు. కిటికీలన్నీ స్లైడింగ్, దోమల జాలీ ఉంది. ఇనప గ్రిల్ మాత్రం బెడ్‌రూముల్లోనే ఉంది, హాల్లో లేదు. యుటిలిటీలో వాషింగ్ మెషీన్, దాని పక్కన ట్యాంకర్ రాని రోజుకోసం 200 లీటర్ల డ్రమ్ము. ఒక బాత్రూంకి సోలార్ వేడినీళ్లు, రెండోదానికి గీజర్. వంటింటికి తలుపు లేదు, వాకిలి వెడల్పు 34 అంగుళాలు. హాల్లో మూలన ఇన్వర్టర్. ఇనప బీరువా ఒకటి, సొరుగుల డ్రెస్సింగ్ టేబుల్ ఒకటి.

మూలలకి అంటించే ఫోమ్, సాకెట్ మూతలు, సొరుగు తాళాలు అన్నీ కలిపిన సెట్టు ఆన్‌లైన్‌లో కొన్నాం. ఆ ఫోమ్ ముక్కల్ని పాప పీకి నోట్లో పెట్టుకుంటోంది. వచ్చే నెల అత్తమ్మ, మామయ్య వస్తున్నారు, ఇద్దరికీ షుగర్, బీపీ మందులున్నాయి.

దేనితో మొదలుపెట్టాలి? దేనికి ఓనర్‌ని అడగక తప్పదు? దేనికి డబ్బు దండగ?

జవాబు: గ్రిల్ పని

ముందు ఆ ఫోమ్ ముక్కలు తీసి పారేయండి. బల్ల మూల తగిలితే బొప్పి కడుతుంది. నోట్లోకెళ్లిన ఫోమ్ గొంతుకి అడ్డం పడుతుంది. ఈ రెంటిలో ఏది నయమో మీకే తెలుసు. నేను ఎత్తు గురించీ, మీద పడే బరువుల గురించీ చెప్తాను. నీళ్లు, కరెంటు తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు.

బాల్కనీ కమ్ముల సందు నాలుగంగుళాలు దాటకూడదు. అంతకు మించితే ఈ వయసు పిల్లల ఒళ్లు దూరిపోతుంది. కాళ్లు ముందు పోతాయి, నడుము జారుతుంది, తల దగ్గర ఇరుక్కుంటుంది. మీది ఐదు కాబట్టి లోపలివైపు ఏదో ఒకటి కట్టాల్సిందే. దీనికి గోడని ముట్టుకోనక్కర్లేదు. 3 మి.మీ. మందం పాలికార్బనేట్ షీటు కొని బాల్కనీ కొలతకి కోయించండి, ఎత్తు కనీసం మూడడుగులు. యాక్రిలిక్ వద్దు, అది పగిలి పెచ్చులు లేస్తుంది. షీటు అంచునుంచి రెండు సెంటీమీటర్లు లోపలికి, అడుగుకొకటి చొప్పున రంధ్రాలు వేసి, కమ్ములకి కేబుల్ టైలతో బిగించాలి. టైలు ఎండకి తట్టుకునే నల్లవి తీసుకోండి. తెల్ల నైలాన్‌వి ఒక వేసవికే పెళుసెక్కి పుటుక్కున తెగుతాయి. మూడో అంతస్తులో గాలి షీటుని తెరచాపలా లాగుతుంది, అందుకే అడుగున కూడా టైలు తగ్గించొద్దు.

గాలి ఆడాలంటే షీటుకి బదులు అరంగుళం గళ్ల వెల్డ్ మెష్. అంగుళం గళ్లదైతే కాలివేళ్లు పట్టి ఎక్కడానికి మెట్లవుతుంది. జీఐ బైండింగ్ తీగతో కట్టి, మెలికల కొసలు బయటివైపుకి వంచాలి.

పావురాల కోసం కట్టే నైలాన్ వల ఉంటుంది చూడండి, బెంగళూరులో ప్రతి రెండో బాల్కనీకి కనిపిస్తుంది. అది పక్షుల్ని ఆపుతుంది, పిల్లల బరువుని ఆపుతుందని నమ్మొద్దు. దాన్ని పట్టి ఉంచేవి చిన్న కొక్కేలు, నైలాన్ ఎండకి కుళ్లిపోతుంది. దోమల జాలీ సంగతీ అంతే. పిల్లవాడు ఆనుకుంటే ఫ్రేముతో సహా ఊడి కింద పడుతుంది.

హాలు కిటికీకి సరైన మందు ఇన్విజిబుల్ గ్రిల్. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు తీగ, రెండంగుళాల సందు. కానీ దాని అల్యూమినియం పట్టీలు స్క్రూలతో బిగించాలి, అంటే ఓనర్ ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా కిటికీ ట్రాకుకి బిగించే క్లాంప్ తాళం వాడండి. వేలితో తిప్పే స్క్రూ ఉంటుంది, రెక్క నాలుగంగుళాలకి మించి జరగకుండా అక్కడ బిగిస్తే గాలీ వస్తుంది, తలా దూరదు. రెండు రెక్కలకీ పెట్టాలి, చాలామంది ఒకదానికే పెట్టి ఊరుకుంటారు. బాల్కనీ స్లైడింగ్ తలుపుకి కూడా అదే, పిల్లలకి అందకుండా పై ట్రాకుకి.

మీ బాబు విషయంలో కమ్ముల సందు కన్నా కుర్చీ ప్రమాదం. బాల్కనీలో కుండీ, మోడా, పాత అట్టపెట్టె, ఏసీ బయటి యూనిట్, ఎక్కడానికి పనికొచ్చేది ఏదీ రెయిలింగ్‌కి మూడడుగుల లోపు ఉండకూడదు. కిటికీ కింద మంచం, సోఫా ఉంటే ఈ రోజే జరపండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

బీరువా కన్నా డ్రెస్సింగ్ టేబులే ఎక్కువ ప్రమాదం. పిల్లలు సొరుగులు ఒక్కొక్కటే లాగి మెట్లు చేసుకుంటారు. మూడు సొరుగులు ఒకేసారి బయటికొస్తే బరువంతా ముందుకొచ్చి మొత్తం మీద పడుతుంది. బరువైనవి అడుగు సొరుగులో పెట్టి, పై సొరుగులకి తాళం వేయండి. ముందు కాళ్ల కింద అర సెంటీమీటరు ప్లైవుడ్ ముక్క పెడితే వెనక్కి వాలుతుంది. ఇది కొంతవరకే. అసలు పని వెనకనుంచి గోడకి పట్టీ బిగించడమే. బీరువాకీ అంతే. తాళంచెవి దానికే వదిలేయకండి, తెరిచిన తలుపు పట్టుకుని వేలాడితేనే అది కదులుతుంది.

గోడకి బిగించేటప్పుడు ఒక్క మాట. మన గోడల మీద ప్లాస్టరింగ్ ఒక సెంటీమీటరుకి పైనే ఉంటుంది. అంగుళం స్క్రూ వేస్తే పట్టు చాలావరకు ప్లాస్టరింగ్‌లోనే ఉండి, లాగితే పెచ్చుతో సహా వస్తుంది. 8 మి.మీ. బిట్టు, 8 మి.మీ. ప్లగ్గు, రెండంగుళాలకి తక్కువ కాని స్క్రూ. తేలికపాటి ఏఏసీ బ్లాకు గోడైతే మామూలు ప్లగ్గు వదులైపోతుంది, దానికని వేరే యాంకర్లు అమ్ముతారు. డ్రిల్ చేసినప్పుడు రాలే పొడి తెల్లగా, సుద్దలా ఉంటే అదే.

టీవీ స్టాండు మీద ఉంటే దాని వెనక మౌంటింగ్ రంధ్రాలకి పట్టీ వేసి బల్ల వెనక చెక్కకే బిగించండి. గోడ అక్కర్లేదు.

వంటింటికి ప్రెషర్ గేటు పెట్టొచ్చు, అంటే డ్రిల్లింగ్ లేకుండా రెండు పక్కల కప్పులు గోడకి ఒత్తుకుని నిలిచే గేటు. 34 అంగుళాలంటే 86 సెంటీమీటర్లు. ఎక్కువ గేట్లు 75 నుంచి 85 దాకా సరిపోతాయి, కాబట్టి ఎక్స్‌టెన్షన్ ముక్కతో కలిపి కొనాలి. కింద, మధ్యలో, పైన, మూడుచోట్ల కొలవండి. కింద స్కర్టింగ్ టైలు ముందుకి పొడుచుకొచ్చి ఉంటే గేటు కింది కప్పులు ఒక లైన్లో, పై కప్పులు ఇంకో లైన్లో పడి ఎంత బిగించినా వదులవుతుంది. టైలు ఎంత మందముంటే అంత మందం ప్లైవుడ్ ముక్క పై కప్పుల కింద వేయాలి. వారానికోసారి మోకాలితో తోసి చూడండి. మెట్ల పైభాగంలో మాత్రం ప్రెషర్ గేటు ఎప్పుడూ పెట్టకూడదు.

జవాబు: టెస్టర్

కరెంటు వైపు నుంచి. సాకెట్ మూతలు చివర్లో చూద్దాం, ముందు మెయిన్ బోర్డు తెరవండి.

వరసగా సన్నగా ఉండేవి ఎంసీబీలు. వాటి పని వైరు కాలిపోకుండా చూడడం, మనిషిని కాపాడడం కాదు. ఆరు ఆంపియర్లకి పడే ఎంసీబీకి పిల్ల ఒంట్లోంచి పోయే కొన్ని మిల్లీ ఆంపియర్లు లెక్కలోకే రావు. షాక్‌నుంచి కాపాడేది ఆర్‌సీసీబీ. కాస్త వెడల్పుగా ఉంటుంది, దానిమీద 'టి' అని గానీ 'టెస్ట్' అని గానీ చిన్న బటను ఉంటుంది. దానిపైన 30 మిల్లీ ఆంపియర్లు లేదా 0.03 ఆంపియర్ అని ఉండాలి. 100 అనో 300 అనో ఉంటే అది మంటల కోసం పెట్టింది, షాక్‌కి చాలదు. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి, టక్కున పడాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. బటను ఆ పరికరాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, ఇంటి ఎర్తింగ్ బాగుందని చెప్పదు. ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌తో విడిగా చూపించుకోవాలి.

ఆర్‌సీసీబీ లేకపోతే ఓనర్‌ని అడగాల్సిన వాటిలో ఇది మొదటిది. బోర్డులోనే కూర్చుంటుంది, గోడకి గీత కూడా పడదు.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఒక తిరకాసుంది. రెండు లైన్ల న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, కలిసిపోతే ఆర్‌సీసీబీ ఊరికే పడుతుంటుంది. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు ఇన్వర్టర్ లైన్ని దాన్ని తప్పించి కలిపేసి చేతులు దులుపుకుంటారు. మీరే చూసుకోవచ్చు: ఇన్వర్టర్ ఆన్‌లో ఉండగా ఆర్‌సీసీబీని చేత్తో ఆపేయండి. ఇంకా ఏ పాయింట్లలో కరెంటు ఉందో అవి ఇన్వర్టర్ మీదివి, కరెంటు పోయినప్పుడు వాటికి ఆ రక్షణ లేనట్టే అనుకోండి. పిల్ల చేతికందే ఎత్తులో అలాంటి పాయింటుంటే ముందు దాన్ని మూసేయండి.

మన సాకెట్ పక్కనే స్విచ్ ఉంటుంది కాబట్టి ఆపేస్తే చాలని అందరూ అనుకుంటారు. స్విచ్ ఫేజ్ మీద, అంటే కరెంటు వచ్చే తీగ మీద ఉంటే చాలు. న్యూట్రల్ మీద వేసిన పాత వైరింగ్‌లో స్విచ్ ఆపినా రంధ్రంలో ఫేజ్ ఉంటుంది. స్విచ్ ఆపి, టెస్టర్ పెట్టి రెండు రంధ్రాలూ చూడండి. ఎర్త్ రంధ్రం పైన ఉన్నట్టు ఎదురుగా నిలబడితే ఫేజ్ కుడివైపు ఉండాలి. ఆపాక ఎక్కడా వెలగకూడదు. వెలిగితే ఆ పాయింటు తిరగేయించాలి, పది నిమిషాల పని.

సాకెట్ మూతలు: లోపల షట్టర్ ఉన్న సాకెట్లయితే మూత అక్కర్లేదు. షట్టర్ లేకపోతే మన మూడు పిన్నుల కొలతకి చేసినవే కొనండి. విదేశీ కొలతవి వదులుగా కూర్చుంటాయి, పిల్ల పీకేసి నోట్లో పెట్టుకుంటుంది. మీ సెట్టులో వచ్చినవి గోటితో లాగి చూడండి, ఊడొస్తే ఫోమ్ వెంటే చెత్తలోకి.

నేలమీద ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉందా? గోడ సాకెట్లన్నీ కలిపినా దానంత ప్రమాదం కాదు. బల్ల వెనక్కి ఎత్తి కేబుల్ టైతో కట్టండి. మిక్సీ, ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్ వైర్లు గట్టు అంచున వేలాడకూడదు. షాక్ మాట అటుంచి, లాగితే ఆ వస్తువే నెత్తిన పడుతుంది.

బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు ఇంట్లో ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి అని కూడా అనను, పారేయండి.

ఇన్వర్టర్ బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వదులుతుంది, అందుకని అలమరాలో పెట్టి తలుపు మూయకూడదు. గాలి రంధ్రాలున్న మూత ట్రాలీ కొని, చక్రాలు లాక్ చేసి, టెర్మినళ్లకి టోపీలు పెట్టండి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా తాగే నీళ్ల బాటిల్ లాగే ఉంటుంది, దాన్ని పైకెత్తేయండి.

ఇక వేడినీళ్లు. గీజర్‌కి థర్మోస్టాట్ ఉంది, చాలా మోడళ్లలో అడుగున నాబ్ ఉంటుంది. 50 డిగ్రీల లోపుకి తగ్గించండి. 60 డిగ్రీల నీళ్లు కొద్ది సెకన్లలోనే లోతుగా కాలుస్తాయి, పిల్లల చర్మం పలచన కాబట్టి ఇంకా త్వరగా. సోలార్‌కి అలాంటి అడ్డు ఏమీ లేదు. ఎండాకాలం సాయంత్రం ట్యాంకులో నీళ్లు 70 డిగ్రీలు దాటొచ్చు. పైగా పైపులో నిలిచిన చన్నీళ్లు అయిపోయేదాకా చల్లగా వచ్చి, ఉన్నట్టుండి మరిగే నీళ్లు దూకుతాయి. సోలార్ కుళాయి కింద పిల్లని నేరుగా ఎప్పుడూ పట్టుకోకండి. ఆ లైనుకి వాల్వు ఉంటే స్నానాలయ్యాక కట్టేయండి. ఓనర్ ఒప్పుకుంటే ప్లంబర్‌తో థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు (వేడినీళ్లకి చన్నీళ్లు కలిపి ఒకే వేడిలో వదిలేది) పెట్టించడం శాశ్వత పరిష్కారం.

జవాబు: పిల్లల వార్డు సిస్టర్

బకెట్లో ముందు చన్నీళ్లు పోయాలి, తర్వాత వేడివి కలపాలి, మోచేయి ముంచి చూడాలి. థర్మామీటరుంటే 37, 38 డిగ్రీలు. కలపడం పూర్తయ్యాకే పాపని బాత్రూంలోకి తేవాలి. ఈ వరస మారితేనే కాలుతుంది.

నీళ్లున్న బకెట్ ఈ వయసుకి బావితో సమానం. పిల్లల తల ఒంటితో పోలిస్తే బరువు. అంచు పట్టుకుని తొంగిచూస్తే తలకిందులుగా పడతారు, నిండు బకెట్ బరువుగా ఉండి ఒరగదు, తిరిగి లేవలేరు. చప్పుడు కూడా రాదు. రెండంగుళాల నీళ్లున్నా చాలు. ఇంట్లో ఏ బకెట్టూ వాడాక నిటారుగా ఉండకూడదు, బోర్లించాలి. తుడిచే నీళ్ల బకెట్టూ, పనమ్మాయి నానబెట్టిన బట్టల టబ్బూ ఇందులోకే వస్తాయి. బాత్రూం తలుపుకి బయట, పైన ఒక గడియ పెట్టండి. డ్రమ్ముకి తిప్పి బిగించే మూత ఉండాలి. పైన పళ్లెం, పళ్లెం మీద రాయి పెట్టడం మూత కాదు. గట్టి మూతతో దోమలు గుడ్లు పెట్టడం కూడా ఆగుతుంది.

బాబు కిందికి ఆడుకోవడానికి వెళ్తాడు కదా, పార్కింగ్‌లో సంపు మూత చూడండి. ట్యాంకర్ వచ్చి నీళ్లు వదిలేటప్పుడు మూత తీసి పక్కన పెడతారు. ఆ టైముకి పిల్లలెవరూ కింద ఉండకూడదని వాచ్‌మన్‌కీ, అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ చెప్పి పెట్టండి.

మందుల సంగతి. అత్తమ్మగారు, మామయ్యగారి మాత్రలు వచ్చిన రోజే తాళం డబ్బాలోకి వెళ్లాలి. దిండు కింద, హ్యాండ్‌బ్యాగ్‌లో, దేవుడి గూట్లో ఉండకూడదు. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర ఒక్కటి మింగినా చిన్నపిల్లల్లో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, అదీ కొన్ని గంటలాగి పడొచ్చు. ఆడుకుంటూనే ఉంది కదా అని ఇంట్లో కూర్చోకూడదు. మీ ఐరన్ మాత్రలు ఇంకా ఇంట్లో ఉంటే అవీ అంతే. ముందు వాంతులవుతాయి, తర్వాత కొన్ని గంటలు బాగైనట్టు కనిపిస్తుంది, ఆపైన విషమిస్తుంది. వారం మాత్రలన్నీ అరల్లో సర్దుకునే ప్లాస్టిక్ డబ్బా పెద్దవాళ్లకి సౌకర్యమే, కానీ పిల్లలకి ఇట్టే తెరుచుకుంటుంది. అది కూడా తాళం లోపలే ఉండాలి.

మన ఇళ్లలో అందరూ మరిచిపోయేది హారతి కర్పూరం. పటికబెల్లం ముక్కలా కనిపిస్తుంది, దేవుడి ముందు నేలమీదే ఉంటుంది. చిన్నపిల్లలు ఒక్క బిళ్ల మింగినా నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. జలుబు చేసిందని కర్పూరం నూనెలో కరిగించి ఛాతీకి రాయడం కూడా ఈ వయసులో వద్దు. నాఫ్తలిన్ గోలీలు, దోమల మందు రీఫిల్, బాత్రూం యాసిడ్, సింకు పైపు శుభ్రం చేసే కాస్టిక్ సోడా, అన్నీ ఐదడుగుల పైన. ఫినాయిల్ని కూల్‌డ్రింక్ బాటిల్లో పోసి పెట్టే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ రోజే మాన్పించండి.

ఏదైనా మింగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు, వేలు పెట్టడం ఏమీ వద్దు. యాసిడ్, కాస్టిక్ అయితే వెళ్లిన దారినే మళ్లీ కాలుస్తూ పైకొస్తుంది. సీసాగానీ మాత్రల అట్టగానీ చేత్తో పట్టుకుని వెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117. ఫ్రిజ్ మీద 108 పక్కన అంటించండి.

బటన్ సెల్‌ని ప్రత్యేకంగా చెప్పాలి. సీఆర్ 2032 అని ఉండే 20 మి.మీ. బిళ్ల గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. కారు తాళం, బరువు చూసే మిషను, దీపావళికి కొనే ఎల్‌ఈడీ దీపాలు, పాట పాడే బొమ్మలు, వీటిలో ఉంటుంది. స్క్రూ లేని మూతైతే టేపు చుట్టండి. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఎక్స్‌రే. ఏడాది దాటిన పిల్లలకి, మింగగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చిన్న చెంచాల తేనె ఇవ్వొచ్చు, ఆరుసార్లకి మించకుండా. తేనె కోసం ఆగి ఆలస్యం చేయకూడదు. మీ పాపకి ఏడాది నిండలేదు కాబట్టి తేనె అసలు వద్దు.

పిల్లల కోసం ప్రభుత్వ ఆసుపత్రి అంటే నిమ్హాన్స్ దగ్గరున్న ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్ ఉంది. కానీ మారతహళ్ళి నుంచి ట్రాఫిక్‌లో దూరం. దగ్గర్లో 24 గంటలూ పిల్లల ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రి ఏదో, రాత్రిపూట చిన్నపిల్లలకి ఎండోస్కోపీ (గొంతులోకి గొట్టం దించి వస్తువు తీయడం) చేస్తారో లేదో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి.

గొంతుకి అడ్డం పడితే: దగ్గుతూ శబ్దం వస్తుంటే దగ్గనివ్వండి. శబ్దం రాక, ఊపిరాడకపోతే పాపని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద రెక్క ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు. తిప్పి రొమ్ము ఎముక మధ్యలో ఐదు నొక్కులు. బయటికొచ్చేదాకా మార్చి మార్చి. స్పృహ తప్పితే 108కి ఫోన్ చేసి సీపీఆర్. ఏడాది దాటిన బాబుకైతే వీపు మీద ఐదు, తర్వాత వెనకనుంచి బొడ్డు పైన పిడికిలితో లోపలికీ పైకీ ఐదు. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి గెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. పల్లీలు, వేయించిన శనగలు నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజలుగా పెట్టొద్దు. పొడిగానో, చట్నీగానో పెట్టండి. ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు.

కాలితే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు, పసుపు ఏవీ రాయొద్దు.

వాకర్ ఇంకా కొనలేదనుకుంటాను. కొనకండి. కాళ్లకి బలం రాదు సరికదా, చేయి అందే ఎత్తు పెరిగి వేడి టీ కప్పు దాకా క్షణంలో దొర్లుకెళ్తారు. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం.

జవాబు: ఇద్దరున్న ఇల్లు

గేటు విషయంలో గ్రిల్ పని గారితో ఒప్పుకోను. ప్రెషర్ గేట్లలో చాలావాటికి కింద అడ్డకమ్మి ఉంటుంది. అత్తమ్మగారు చీర కట్టుకుని, చేతిలో సాంబారు గిన్నెతో దాన్ని రోజుకి ఎన్నిసార్లు దాటాలి? పాప భద్రం కోసం పెట్టింది పెద్దావిడ తుంటి విరగ్గొడుతుంది. హాల్లో వంటింటికి ఎదురుగా ప్లాస్టిక్ పలకల ప్లేపెన్ పెట్టి, వంట జరిగే ఆ గంటా పాపని అందులో ఉంచడం మేలు. గోడకీ పని లేదు, ఇల్లు మారితే మడిచి పట్టుకెళ్లొచ్చు. పలకల్లో ఒకటి తలుపులా తెరుచుకునేది తీసుకోండి, వంగి ఎత్తుకోవడం నడుముకి కష్టం.

పెద్ద పిల్లాడి బొమ్మలే చిన్నదానికి ముప్పు. ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. లెగో ముక్కలు, గోలీలు, అయస్కాంతపు గుండ్లు, నీళ్లలో ఉబ్బే జెల్ పూసలు. చివరి రెండూ ఇంట్లోనే ఉండకూడదు. అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్ని మధ్యలో నొక్కి చిల్లులు పెడతాయి, జెల్ పూస కడుపులో ఉబ్బి అడ్డం పడుతుంది. మిగతా చిన్న బొమ్మలకి కొలత: టాయిలెట్ పేపర్ రోల్ మధ్యలో ఉండే అట్ట గొట్టంలోంచి జారిపోయేదేదైనా పాపకి అందకూడదు. బాబుని ఆడొద్దంటే కుదరదు. వాడికి డైనింగ్ టేబుల్ మీద చోటివ్వండి, 'ఇది పైన ఆడేది, ఇది కింద ఆడేది' అని రెండు రంగుల డబ్బాలు పెట్టండి. నాలుగేళ్లవాడికి ఇది బాగా ఎక్కుతుంది, తనే కాపలా కాస్తాడు. అలాగని కాపలా పూర్తిగా వాడికే వదిలేయకూడదు.

లోపల గడియలు కూడా చూసుకోండి. బాబు బాత్రూంలో గడియ వేసుకుని తీయలేకపోవడం, మీరు బట్టలారేస్తుంటే పాప బాల్కనీ తలుపు లాక్ నొక్కేయడం, రెండూ ఈ వయసు పనులే. పిల్లలకి అందే కింది గడియల స్క్రూలు విప్పి తీసేసి ఒక కవర్లో పెట్టండి, ఖాళీ చేసేటప్పుడు అవే రంధ్రాల్లో బిగించొచ్చు. దానంతటదే పడే మెయిన్ డోర్ తాళమైతే ఒక చెవి ఎదురింట్లో ఇవ్వండి. బాల్కనీలోకి వెళ్తే ఫోన్ జేబులో ఉండాలి.

మూడో అంతస్తులో గాలికి తలుపులు ధడాలున కొట్టుకుంటాయి. తలుపు పై అంచుకి తగిలించే సి ఆకారం ఫోమ్ ముక్క మీ సెట్టులో ఉంటే దాన్ని మాత్రం ఉంచుకోండి. పెద్దవాళ్ల ఎత్తున పెడితే పాపకి అందదు, వేళ్లు నలగవు.

మళ్లీ ప్రశ్నించినవారు: మూడో అంతస్తు

అందరికీ థ్యాంక్స్. ఫోమ్ పారేశాం, బకెట్లు బోర్లించాం. బోర్డు చూశాను, ఆర్‌సీసీబీ ఉంది కానీ మీద 0.1 అని ఉంది. ఓనర్‌కి ఎలా చెప్తే ఒప్పుకుంటారు? ఇంకోటి, బాత్రూంకి చెప్పినట్టే డ్రమ్మున్న యుటిలిటీ తలుపుకీ గడియ పెట్టాలంటే అదీ డ్రిల్లింగే కదా?

జవాబు: గ్రిల్ పని

చెక్క తలుపుకి, చెక్క చట్రానికి గడియ బిగించడం గోడ డ్రిల్లింగ్ కాదు. ఓనర్ని ఒక మాట అడిగి పెట్టుకోండి. నాలుగంగుళాల టవర్ బోల్టు, ముప్పావంగుళం స్క్రూలు, తలుపు పై అంచుకి అరడుగు కింద. పలకలా చదునుగా ఉండే ఫ్లష్ డోర్‌కి అంచు పట్టీలోనే గట్టి చెక్క ఉంటుంది, నడుమ స్క్రూ వేస్తే నిలవదు.

గేటు సంగతిలో ఇద్దరున్న ఇల్లు గారిదే కరెక్టు, పెద్దవాళ్లుంటే ప్లేపెన్.

ఓనర్‌తో మెసేజ్‌లో కాదు, ఫోన్‌లో మాట్లాడండి. ఆ వైపు ఓనర్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు తక్కువేం కాదు. 'డ్రిల్లింగ్ చేసుకోవచ్చా' అని అడిగితే కాదనే అంటారు. లెక్కగా అడగండి: బీరువా వెనక రెండు రంధ్రాలు, డ్రెస్సింగ్ టేబుల్ వెనక రెండు, హాలు కిటికీకి గ్రిల్, ఖర్చు మాది, ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి రంగేయిస్తాం. ఎలాగూ బెంగళూరులో పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకుంటారు కదా, ఆ పుట్టీ అందులోనే పోతుంది. ఇన్విజిబుల్ గ్రిల్ వదిలేసి వెళ్తామంటే చాలామంది వెంటనే ఒప్పుకుంటారు, వాళ్ల ఇంటికే విలువ. ఒప్పుకున్నాక అదే విషయం వాట్సాప్‌లో రాసి పంపి 'ఓకే' అనిపించుకోండి. పని ముందూ తర్వాతా ఫోటోలు తీసి పెట్టండి.

జవాబు: టెస్టర్

0.1 అంటే 100 మిల్లీ ఆంపియర్లు. దాన్ని తీయించనక్కర్లేదు. బాత్రూంలు, కింది సాకెట్లు ఉన్న సర్క్యూట్లకి దాని తర్వాత ఒక 30 మిల్లీ ఆంపియర్లది చేర్చొచ్చు, బోర్డులో రెండు ఖాళీ గళ్లుంటే చాలు. ఆ సర్క్యూట్ల న్యూట్రల్ వైర్లు కూడా కొత్తదాంట్లోంచే పోవాలి. అది మరిచిపోతే బిగించిన రోజునుంచే పడుతూ ఉంటుంది, ఎలక్ట్రీషియన్ 'పీసు బాలేదు' అని తీసేస్తాడు. కొత్తది పెట్టాక టెస్ట్ బటన్ మీరే నొక్కి చూసి, అప్పుడే డబ్బులివ్వండి.